పిట్ట కూసే చోటు

ఆదివారం మూడు గంటలప్పుడు ఫానోర్ ఇంటి గుమ్మంలో నిలబడిన ముసలాయన, "ఈ ఇంట్లో మోగే ఆ పాట పాడింది నేనే" అన్నాడు. నవ్వాలో కుర్చీ వెయ్యాలో తెలియక అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

నవ్వు రావడానికి కారణం ఉంది. ఆ పాట పాడింది ఒక ఆడపిల్ల అని ఒబ్రెరో పేటలో అందరికీ తెలుసు. పిల్ల పేరు మాత్రం ఎవరికీ తెలియదు. రికార్డు మధ్యన అంటించి ఉండే కాగితాన్ని ఫానోర్ ఎప్పుడో బ్లేడుతో గీకేశాడు. ఈ కాలీ ఊళ్లో రికార్డులు పోగుచేసే వాళ్లందరూ చేసే పనే అది. పాట ఎవరిదో పక్కవాడికి తెలిస్తే వాడూ ఓడరేవుకి పరుగెత్తి అదే తెచ్చుకుంటాడు. పేరు లేని ఆ సన్నటి గొంతుని పేట అంతా "ఆ పిల్ల" అని పిలుచుకుంది. పాట మధ్యలో, పియానో ఒంటరిగా మిగలబోయే ముందు, ఒక పిట్ట కూస్తుంది. ఆ కూత మీద ఫానోర్ చెల్లెలు అసెనెత్ గిర్రున తిరిగే తీరు చూడటానికి ఊరి అవతలి పేటల నుంచి కూడా జనం వచ్చేవాళ్లు. అందుకే ఆమెని అందరూ పిట్ట అనే అంటారు. అన్న ఫానోర్ నోట కూడా అదే పేరు. అసెనెత్ అని పిలిచిన మనిషి ఒక్కడే.

ఆ ఒక్కడు హెర్మిన్సుల్. పెళ్లి మాట అనుకున్నాక, న్యూయార్క్ చేరి నిన్ను పిలిపించుకుంటానని చెప్పి, బ్వెనావెంతూరా రేవులో సరుకుల ఓడ ఎక్కాడు. కొన్నాళ్లకి ఫానోర్ రేవు దాకా వెళ్లి వచ్చి, అతను సముద్రంలో పడిపోయాడట అని చెప్పాడు. అసెనెత్ నల్లబట్టలు కట్టుకుంది. ఏడాది తిరగక ముందే అదే రేవు నుంచి తెచ్చానని అన్న ఈ రికార్డు చూపించి, "ఏడుస్తూనే లే. లేచి ఆడు" అన్నాడు. ఆమె లేచింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా, యాభై దాటిన ఈ వయసు దాకా, ఆమె నిలబడి ఉన్నది ఆ పాట మీదే. కింద ఇంకేమీ లేదు.

ఇప్పుడు దాన్ని నాది అంటూ ఒకాయన వచ్చాడు.

కుర్చీ వేసింది ఒఫీర్. ఆయన్ని తీసుకొచ్చిందీ ఆవిడే. డిసెంబరు సంబరాలకి ఊరు పిలిచిన పాతకాలపు పాటగాళ్లకి ఒఫీర్ చేతి వంట. పక్కింటి మనిషి, నోరు పెద్దది, మనసూ పెద్దదే కానీ నోటి తరవాతే.

"కూర్చోండి పిల్లగారూ," అంది ఒఫీర్. "మిమ్మల్ని ఇన్నేళ్లూ పదహారేళ్ల పడుచు అనుకున్నాం. క్షమించాలి."

పెరటి వైపు గోడకి ఆనుకున్న జంటలు పకపకా నవ్వాయి. ప్రతి ఆదివారం వచ్చే వాళ్లే వాళ్లంతా. మోకాళ్లకి తైలం రాసుకుని, రెండు రంగుల బూట్లు తుడుచుకుని, మూడింటికల్లా చేరతారు.

ముసలాయన ఒతిలియో కూడా నవ్వాడు. డెబ్బై దాటిన మనిషి, బరువైన ఒళ్లు, గొంతు ఇంకా బరువు. ఖాళీ పీపా మీద అరచేత్తో తట్టినట్టు ఉంటుంది మాట్లాడితే. "నా మీద కోపమొస్తే మా ఆవిడ కూడా ఆడంగి అనేది. పడుచు అని మాత్రం ఎప్పుడూ అనలేదు," అన్నాడు. "ఒక్కసారి వినిపించండి. నాది కాకపోతే లేచి వెళ్లిపోతా. ఈ అమ్మ పెట్టిన అన్నం ఎలాగూ తినేశాను."

ఫానోర్ రికార్డుల బీరువా దగ్గర నిలబడి ఉన్నాడు. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో ఎండిపోయిన కాలుని, నిలబడినప్పుడు రెండో కాలి వెనక దాచుకుంటాడు. అతను ఎప్పుడూ ఆడలేదు. పాట పెడతాడు, చెల్లెలు ఆడుతుంది, అతను చూస్తాడు. చూసేటప్పుడు ఆ ఎండిన కాలి బొటనవేలు చెప్పులో కదులుతూ ఉంటుంది. ఆ సంగతి అసెనెత్‌కి ఒక్కదానికే తెలుసు. తను తిరిగేటప్పుడు తనతో పాటు ఇంకో ఒళ్లు తిరుగుతోందని ఆమెకి అనిపించేది. వయసులో ఉన్నప్పుడు అది ప్రేమ అనుకుంది. తరవాత బాధ్యత అనుకుంది. ఈ మధ్య ఏమీ అనుకోవడం లేదు.

"నాలుగు రోజుల్లో వేదిక మీద పాడతారుగా, అప్పుడు అందరం వింటాం," అన్నాడు ఫానోర్.

"అన్నీ వినిపిస్తావు, దీనికి వచ్చిందా మాయరోగం?" అంది ఒఫీర్. "వేదిక మీద ఆయన పాడాలి, మన పిట్ట ఆడాలి. ముందుగా ఒకసారి చూసుకోవద్దూ?"

ఫానోర్ రికార్డు తీసి, అంచులు పట్టుకుని, పాటల పెట్టె పళ్లెం మీద పెట్టాడు. సూది దించాడు.

పాట ఎప్పటిలాగే దూకింది. ముందు గంటల చప్పుడు, వెనకే డోళ్లు, ఆ వెనక తరుముకొచ్చే బాకాలు. జంటలు గోడ వదిలి గచ్చు మీదకి వచ్చేశాయి. ఆ పిల్ల గొంతు ఎత్తుకుంది. పాదాలు గచ్చుని ముట్టుకున్నాయో లేదో తెలియనంత వేగంగా పడుతున్నాయి. కాలీలో కాక ఇంకెక్కడా మనుషులు అంత తొందరగా పాదాలు మార్చరు. వంత పాడేవాళ్లు అందుకోగానే గచ్చు మీద వాళ్లందరూ వాళ్లతో పాటు అరిచారు: "వస్తానన్నాను కదా, దీపం తియ్యొద్దు." పెళ్లిళ్లలో, బంతాట గెలిచినప్పుడు, వీధుల్లో అరిచేదే ఆ మాట.

అసెనెత్ ఆడలేదు. ఆమె ఒతిలియో మొహం చూస్తోంది.

ఆ మొహంలో మొదట కుతూహలం కనిపించింది. తరవాత నవ్వు. తరవాత నవ్వు వెళ్లిపోయింది, కానీ నోరు మూసుకోలేదు. చేతి మీద చెయ్యి వేసుకుని వేళ్లతో ఏదో లెక్క వేసుకుంటున్నాడు. కళ్లు పైకెత్తి, తెలిసిన వాళ్లు పరాయి బట్టల్లో కనిపించినప్పుడు చూసినట్టు, ఆ పెట్టె వైపు చూశాడు.

"పియానో మా వాడిదే," అన్నాడు నెమ్మదిగా. "ఆ ఎడమ చెయ్యి వాడిదే. కానీ వాడు బతికుండగా ఇంత తొందరగా ఎప్పుడూ వాయించలేదే."

లేచి పెట్టె దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. పక్కన ఉన్న, వేగం మార్చే చిన్న మీట నలభై ఐదు దగ్గర ఉంది.

"ఇది ముప్పై మూడు మీద తిరగాల్సిన రికార్డు బాబూ," అన్నాడు. "దీన్ని ఎందుకు పరుగెత్తిస్తున్నారు?"

ఎందుకు అన్న ప్రశ్న ఆ ఊళ్లో ఎవరూ వేసుకోలేదు. న్యూయార్క్ పాటలు వచ్చిన కొత్తలో కాలీ పాదాలకి అవి మందంగా తోచాయి. ఏదో ఒక ఇంట్లో ఎవరో మీట పైకి నెట్టారు. పాదాలకి చోటు దొరికింది. మర్నాటికి పక్క వీధి, వారానికి ఊరంతా. అలా విన్న పిల్లలు పెద్దవాళ్లయ్యారు. వాళ్ల చెవికి అదే పాట, అదే వేగం, అదే గొంతు. తప్పు చేస్తున్నామని తెలిసి చేసేది వేరు, అందరూ కలిసి ఒక తప్పులో పుట్టి పెరగడం వేరు. రెండోదానికి పేరు కూడా ఉండదు.

"మాకు నెమ్మదిగా ఆడటం చేతకాదు," అంది ఒఫీర్ చివరికి. "ఎండ ఎక్కువ కదా, గచ్చు కాలుతుంది."

ఆ మాటకి నవ్వు సగం మందికే వచ్చింది.

"దాని వేగం దానికి ఇచ్చి ఒక్కసారి పెట్టండి," అన్నాడు ఒతిలియో. "ఇన్నేళ్లకి నా ఊపిరి నేను వింటాను."

"సూది పాతది," అన్నాడు ఫానోర్. "రికార్డు అంతకంటే పాతది. ఒక రోజులో ఒకసారే పెడతాం."

"పోయిన వారం వరసగా ఐదుసార్లు పెట్టావు. నా నడుం ఇంకా పట్టుకునే ఉంది," అంది ఒఫీర్.

"వద్దన్నాను కదా."

ఫానోర్ గొంతు పెంచలేదు. అయినా గదిలో గాలి కొంచెం వెనక్కి జరిగినట్టయింది. అతను చెల్లెలి వైపు తిరిగాడు. "పిట్టా, నువ్వు చెప్పు. వద్దు కదూ?"

అసెనెత్‌కి ఆ ప్రశ్న వింతగా వినిపించింది. ఇన్నేళ్లలో అన్న ఆమెని అడిగింది తక్కువ. ఏ పాట పెట్టాలో అతనే చూసుకున్నాడు, ఏ ఆదివారం ఎవరు రావాలో అతనే చూసుకున్నాడు. ఇప్పుడు బతిమాలినట్టు అడుగుతున్నాడు. ఆ బతిమాలటమే ఆమెని లేపింది. నిజం చెప్పాలంటే ఆమెకి ఆ పాట నెమ్మదిగా వినాలని లేదు. భయంగా ఉంది. ఒకే ఒక్క కర్ర మీద నిలబడ్డ మనిషిని, ఆ కర్రని ఒకసారి ఇస్తావా, ఎంత పొడుగో కొలిచి ఇచ్చేస్తాం అని అడిగినట్టు ఉంది. కానీ భయం ఉన్న చోటికే చెయ్యి వెళ్తుంది. నొప్పి పన్నుని నాలుక వదలనట్టే.

"విందాం అన్నయ్యా," అంది.

అతను కదలలేదు. ఆమే వెళ్లి మీట కిందికి జరిపి, సూది ఎత్తి మొదటికి పెట్టింది.

మొదట అందరూ అనుకున్నది కరెంటు తగ్గిందని. గంటల చప్పుడు ఒక్కొక్కటిగా, మధ్య మధ్య ఖాళీ వదులుతూ వచ్చింది. డోళ్లు నడుస్తున్నాయి, పరుగెత్తడం లేదు. బాకాలు లేచిన తీరులో ఉత్సాహం లేదు. బరువు ఎత్తే వాళ్లు ఒకరికొకరు సైగ చేసుకున్నట్టు ఉంది. ఆ తరవాత గొంతు. మగవాడి గొంతు. కుర్చీలో కూర్చున్న మనిషిదే, వయసు తీసేస్తే.

"పిల్లకి మీసాలొచ్చాయి," అంది ఒఫీర్. ఎవరూ నవ్వలేదు.

రెండు జంటలు ప్రయత్నించాయి. పాదం వేశాక రెండో పాదం వేయడానికి చాలాసేపు ఆగాల్సి వస్తోంది. ఆ ఆగిన చోట ఏం చెయ్యాలో ఒళ్లుకి తెలియడం లేదు. చేతులు వదిలేసి నిలబడిపోయారు. వంత వచ్చింది. వస్తానన్నాను కదా, దీపం తియ్యొద్దు. ఇంతకాలం వాళ్లు బంతాటల్లో అరిచిన మాట అదే. ఇప్పుడు విన్నాక ఎవరూ నోరు విప్పలేదు. ఎవడో చీకట్లో ఇంకా చాలా దూరంలో ఉండి, తన మాట చేరుతుందన్న నమ్మకం లేకుండానే అడుగుతున్నాడు. ఆ పాటలో సంతోషం ఎక్కడా లేదు. సంతోషం అంతా ఆ మీటలో ఉంది.

ఒతిలియో కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు.

పిట్ట కూసే చోటు దగ్గరవుతోందని అసెనెత్‌కి తెలుస్తోంది. ఆమెకి తెలియడం కాదు, నడుముకి తెలుస్తోంది. ఎడమ మడమ దానంతట అదే లేచింది. ఊపిరి పైకి వెళ్లి ఆగింది. బాకాలు ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. డోలు మీద చివరి దెబ్బ పడింది. చాలాసేపు అయినట్టనిపించాక, పిట్ట ఉండాల్సిన చోట, ఒక మనిషి నవ్వాడు.

పెద్ద నవ్వు కాదు. పాట మధ్యలో నవ్వకూడదని తెలిసి, ఆపుకోలేక, పక్కకి తిరిగి నవ్వినది. మొదలైంది, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఒక్క క్షణం ఆగింది, మళ్లీ మొదలై కింద ఎక్కడో పోయింది. పియానో వచ్చేసింది.

ఆమె తిరగలేదు. లేచిన మడమ అలాగే ఉండిపోయింది.

పోయినవాళ్ల మొహాలు ఫోటోల్లో ఉంటాయి. చొక్కాలు కొన్నాళ్లు వాసన దాచుకుంటాయి. నవ్వు ఎక్కడా ఉండదు. హెర్మిన్సుల్ నవ్వు గుర్తు తెచ్చుకోవడానికి ఆమె ఎన్ని మధ్యాహ్నాలు మంచం మీద పడుకుని కళ్లు మూసుకుందో. మధ్యలో అది ఆగుతుందని తెలుసు. "నీ నవ్వుకి కూడా ఒక కాలు పొట్టి" అని ఏడిపించేది, అన్న వినకుండా. ఎలా ఆగుతుందో మాత్రం చెవికి దొరికేది కాదు. కొన్నేళ్లకి వెతకడం మానేసింది. మానేసినందుకు కొంచెం తేలికపడింది, ఆ తేలికకి సిగ్గుపడింది, సిగ్గు కూడా పాతబడింది. ఆ నవ్వు ఈ ఇంట్లోనే ఉంది. ప్రతి ఆదివారం మోగింది. జనం చప్పట్లు కొడుతుంటే ఆమె దాని మీదే గిర్రున తిరిగింది. తిరిగిన ప్రతిసారీ ఆమె మర్చిపోవడానికే తిరిగింది.

తల ఎత్తి చూసింది. గదిలో వాళ్లందరూ పెట్టె వైపో, నేల వైపో చూస్తున్నారు. ఫానోర్ ఒక్కడే పెట్టె వైపు చూడటం లేదు. ఆమె వైపు చూస్తున్నాడు.

ఆ చూపులో ఏమైంది అన్న ప్రశ్న లేదు. మొదటిసారి విన్నవాడు ఆ క్షణంలో చెల్లెలి మొహం ఎందుకు చూస్తాడు? ఎక్కడ ఏం రాబోతోందో తెలిసినవాడు మాత్రమే ముందుగా కళ్లు అక్కడ పెట్టి ఉంచుతాడు. అంటే అతను ఈ పాటని ఇలా ఎప్పుడో విన్నాడు. ఆమె ఇంట్లో లేనప్పుడు, తలుపు వేసుకుని విన్నాడు. విని, మీట పైకి జరిపాడు.

ఈ ఆలోచన ఆమెకి మెరుపులా రాలేదు. నిదానంగా, ఇంట్లో మనిషి వచ్చి పక్కన కూర్చున్నంత మామూలుగా వచ్చింది.

పాట అయిపోయింది. సూది చివరి గీతలో గరగరమంటుంటే ఫానోర్ వెళ్లి ఎత్తాడు.

"రండర్రా," అంది ఒఫీర్ జంటలతో. "మా ఇంట్లో చాంపూస్ చేసి పెట్టాను, చల్లగా తాగుదురు గాని. ఇక్కడ ఎవరో పోయినట్టుంది." తలుపు దగ్గర వెనక్కి తిరిగి, "పిట్టా, ఆ మొహం ఏంటే? నాలుగు రోజులుంది కదా, బాకాల వాళ్లకి నేను చెబుతాను తొందరగా ఊదమని. నువ్వు బెంగపడకు," అని వెళ్లింది. చెప్పుల చప్పుడు వీధిలోకి దిగి, పక్క గుమ్మం ఎక్కింది.

ముగ్గురు మిగిలారు. పడమటి కొండల మీంచి రోజూ ఈ వేళకి దిగే గాలి దిగింది. పెరట్లో ఆరేసిన దుప్పటి లేచి పడుతోంది.

"పియానోకి ముందు నవ్వింది ఎవరండీ?" అని అడిగింది అసెనెత్.

గొంతు మామూలుగానే వచ్చింది. అది ఆమెకే ఆశ్చర్యం.

ఒతిలియో మొహం వికసించింది. "విన్నారా? ఎవరూ వినరు దాన్ని. రికార్డు చేసిన ఆయన ఇది చెడిపోయింది, మళ్లీ పాడండి అన్నాడు. నేనే ఉండనిమ్మన్నాను. మళ్లీ పాడితే అలా రాదు కదా." కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "వంత పాడే ముగ్గురిలో ఒకడు. మీకు చెప్తే నమ్మరు, మీ ఊరివాడే. ఈ ఒబ్రెరో పేటవాడే. హెర్మిన్సుల్ అని."

బీరువా దగ్గర ఫానోర్ రికార్డుని సంచీలో పెడుతున్నాడు. పెట్టడం పూర్తి కావడం లేదు.

"ఎందుకు నవ్వాడు?" అంది ఆమె.

"సంతోషం పట్టలేక. ఇక్కడ వాడికి ఒక అమ్మాయి ఉండేది. ఆ పొద్దున నాతో అన్నాడు, 'ఇది రికార్డయ్యాక మొదటి ముక్క ఆమెకి పంపిస్తాను. నేను మునిగిపోయానని ఎవరో పుకారు పుట్టించారట, చదివే అలవాటు లేని ఇల్లు, ఏం రాస్తే ఎవరికి చేరుతుందో. నా గొంతు వింటే చాలు, మొదటి ఓడకి వచ్చేస్తుంది' అని. పాడుతూ పాడుతూ, ఆ మాట గుర్తొచ్చిందేమో, పక్కకి తిరిగి నవ్వేశాడు."

"పంపించాడా?"

"బ్వెనావెంతూరా వెళ్లే ఓడలో తెలిసినవాడు ఉంటే వాడి చేతికిచ్చాడు. ఆమె చేతికే ఇవ్వమని ఒకటికి పదిసార్లు చెప్పాడు." ఒతిలియో తల ఊపాడు. "ఆ ఓడవాడు తిరిగి వచ్చాక నేనూ అక్కడే ఉన్నాను. ఆ రోజు మర్చిపోలేను. ఇంటి గుమ్మంలోనే ఎవరో చెప్పారట. ఆ అమ్మాయి జ్వరంతో పోయింది, పూడ్చేశాం కూడా అని. రికార్డు తిరిగి తేవడం ఎందుకని వీడు అక్కడే ఇచ్చేసి వచ్చాడు."

దుప్పటి లేచింది, పడింది.

"నమ్మాడా అతను?" అంది అసెనెత్.

"ఎక్కడో ఉందంటే వెతుక్కుంటాం అమ్మా. లేదంటే ఏం చేస్తాం? అబద్ధం చెప్పాల్సిన అవసరం ఎవరికుంటుంది? నమ్మాడు. ఆ తరవాత ఎన్నో రికార్డుల్లో నాకు వంత పాడాడు. శ్రుతి తప్పేవాడు కాదు. నవ్వు మాత్రం ఇంకెక్కడా వినపడదు మీకు." కుర్చీలో వెనక్కి వాలాడు. "చాలా ఏళ్లకి మా వైపు పిల్లనే చేసుకున్నాడు. ఒక కూతురు పుడితే ఆ పోయిన అమ్మాయి పేరే పెట్టాడు. నీ పెళ్లాం ఒప్పుకుందా అని అడిగాను. 'చచ్చిపోయిన మనిషితో నాకేం పోటీ, పెట్టుకో అంది' అన్నాడు."

"ఇప్పుడు ఎక్కడున్నాడు?"

అడిగింది ఆమె కాదు. ఫానోర్.

ఒతిలియో అతని వైపు తిరిగి, "మొన్న ఫిబ్రవరిలో పోయాడు," అన్నాడు. "మంచులో పూడ్చాం. నేల గడ్డకట్టి గొయ్యి తవ్వడానికి మధ్యాహ్నం దాకా పట్టింది."

అసెనెత్ తన చేతుల వైపు చూసుకుంది. ఈ ముప్పై ఏళ్లూ అతను పోయాడనే బతికింది. ఇప్పుడు అతను పోయాడని విన్నది. రెంటికీ మధ్య, కాసేపటి కింద, పియానో మొదలైనప్పటి నుంచి ఈ మాట దాకా, అతను బతికి ఉన్నాడు. అంత కొద్దిసేపే ఆమెకి దక్కింది. ఆ కొద్దిసేపూ ఆమె సంతోషించలేదు. సంతోషించవచ్చని తట్టేలోపే అయిపోయింది. ఏడుపు కోసం లోపలికి చూసుకుంది. అక్కడ ఎప్పుడో ఏడ్చేసిన ఏడుపు ఖాళీగా ఉంది. మళ్లీ అదే మనిషి కోసం రెండోసారి ఎలా ఏడవాలో ఎవరూ నేర్పలేదు.

"నేను ఈ వయసులో విమానం ఎక్కింది పాట కోసం కాదండి," అన్నాడు ఒతిలియో. గొంతు తగ్గించాడు. "ఆ కూతురు నాతో వచ్చింది. హోటల్లో ఉంది. అసెనెత్. తండ్రికి చివర్లో మాటిచ్చిందట, ఊరు వెళ్లి, తన పేరుగల ఆవిడ సమాధి మీద పూలు పెట్టి వస్తానని. రేపు పొద్దున చూపిస్తానన్నాను. ఎవర్ని అడగాలో తెలియక, పేటలో పాతకాలపు మనుషులు ఎవరున్నారమ్మా అని ఒఫీర్‌గారిని అడిగితే, అన్నాచెల్లెళ్లు ఇద్దరున్నారు రండి అని ఇక్కడికి తీసుకొచ్చింది. మీకేమన్నా తెలుసా, అసెనెత్ అనే అమ్మాయి, ఇక్కడే ఆడేదట?"

ఒక్క మాట చాలు. నేనే అంటే చాలు. ఆమె నోరు తెరుచుకుంది కూడా.

కానీ ఆ మాట వెళ్లే దారి ఆమెకి కనిపించింది. హోటల్లో కూర్చున్న ఆ పిల్ల దగ్గరికి వెళ్తుంది. నీ పేరు చచ్చిపోయిన ప్రియురాలి పేరు కాదు, అన్న పెట్టిన పాటకి ఆదివారం ఆదివారం ఆడుతూ బతికిన ఒక ముసలిదాని పేరు అని చెబుతుంది. అక్కడి నుంచి మంచు కింద ఉన్న మనిషి దగ్గరికి వెళ్తుంది. నువ్వు బతుకంతా మోసిన దుఃఖానికి కింద ఏమీ లేదురా, గుమ్మంలో ఎవడో అన్న ఒక మాట తప్ప, అంటుంది. అతనికి ఇక మిగిలింది ఆ దుఃఖమే. దాన్ని కూడా తీసుకోవాలా? అయినా తను బతికే ఉందని చెప్పడానికి ఆమె దగ్గర ఏం రుజువుంది? ఆ పేరుతో పిలిచేవాడు పోయాడు. ఆ పేరు ఇంకొకరికి వెళ్లిపోయింది. మిగిలింది పిట్ట, అదీ పిట్ట కాదని ఇప్పుడే తేలింది.

ఇవన్నీ నిజమైన కారణాలేనా, ధైర్యం లేక ఏరుకున్నవా, ఆమెకి తెలియలేదు.

ఫానోర్ బీరువా తలుపు మూశాడు. వచ్చి, ఎండిన కాలుని వెనక్కి దాచుకోకుండా, ఒతిలియో ఎదురుగా నిలబడ్డాడు. మొహంలో రక్తం లేదు. మాట మాత్రం స్పష్టంగా వచ్చింది.

"తెలుసు," అన్నాడు. "రాయి లేదు. గడ్డి పెరిగిపోయింది. కానీ చోటు నాకు తెలుసు. రేపు పదింటికి ఆ అమ్మాయిని పెద్ద శ్మశానం గేటు దగ్గరికి తీసుకురండి. నేను చూపిస్తాను."

ఒతిలియో రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఆ పిల్ల ఎంత సంతోషిస్తుందో మీకు తెలీదు," అన్నాడు. ఆ తరవాత, ఆమె వైపు మర్యాదగా తిరిగాడు. "మీకు కూడా తెలుసా అమ్మా ఆవిడ?"

ఫానోర్ తల తిప్పలేదు. అతని మెడ మీద నరం ఒకటి కొట్టుకోవడం ఆమెకి కనిపించింది.

"కొంచెం తెలుసు," అంది అసెనెత్. "రేపు నేను కూడా వస్తాను."